పుట్టగొడుగులు: ఆహారమెంత, ఔషధమెంత?

తొలకరి వానలు పడి పుట్టలపై గొడుగులు విచ్చుకొను దినములలో సంఘ సభ్యులు మమ్ము తఱచుగా నొక ప్రశ్న యడుగుచుందురు. పుట్టగొడుగులు మందుగా పనిచేయునా? పొడులమ్మువారు మధుమేహము మొదలు రాచపుండు వఱకు అన్నిటిని ఇవి మాన్పునని చెప్పుచున్నారు.

జపాను దేశమున 1977వ సంవత్సరమున, ఒక జాతి గొడుగునుండి తీసిన క్రెస్టిను అను పదార్థమును రాచపుండు చికిత్సలో వాడుటకు అనుమతించిరి. కాని యది శస్త్రచికిత్సకును ఇతర మందులకును తోడుగా నిచ్చినదే గాని వానికి బదులుగా కాదు. పొడి డబ్బాలమీద ఈ రెండవ మాట కానరాదు! ఇట్టి పొడిని నమ్మి వైద్యుడిచ్చిన మందు మానుట ప్రాణముమీదికి తెచ్చుకొనుటయే.

ఆహారముగా చూచినచో వీని గుణము మంచిదే. పచ్చి గొడుగులో నూటికి 90 పాళ్లు నీరు, క్రొవ్వు స్వల్పము, పీచును, బి జాతి విటమినులును కలవు. మధుమేహము గలవారికి తగిన కూర. అంతకంటె విశేషమొకటి కలదు. మన చర్మమువలెనే పుట్టగొడుగును ఎండ తగిలినచో విటమిను డి పుట్టించును. అందలి ఎర్గోస్టెరాలు అను పదార్థము సూర్యుని అతినీలలోహిత కిరణములచే అట్లు మారును. చీకటి గదిలో పెరిగినదానియందు ఇది మిక్కిలి తక్కువ. కావున కోసిన గొడుగులను ముక్కలుగా తఱిగి, మధ్యాహ్నపుటెండలో పావుగంట మొదలు గంట వఱకు పఱచి, పిమ్మట వండవలయును. 100 గ్రాములలో 10 మైక్రోగ్రాముల విటమినైనను చేరుట సామాన్యము. కిటికీ అద్దము చాటున నుంచిన ఫలింపదు. చేపయు గ్రుడ్డును తినని యిండ్లకు ఖర్చులేని ఈ లాభము చిన్నది కాదు.

ఇక భయపడవలసిన సంగతి. వెండి నాణెము నల్లబడనిచో గొడుగు మంచిదనియు, పురుగు తిన్నదానిని మనుష్యుడు తినవచ్చుననియు, ఉడికించిన విషము పోవుననియు పెద్దలు చెప్పుచుందురు. వారియెడ గౌరవముతోనే చెప్పుచున్నాము, ఈ మూడును తప్పే. అమానిటా జాతిలోని కొన్నిటి విషము ఎంత ఉడికించినను చావదు. తిన్న 6 గంటలకో, అంతకు ఆలస్యముగనో వాంతులు, విరేచనములు పట్టుకొనును. తరువాత కొంత తెఱపి యిచ్చినట్లుండి, లోలోపల కాలేయము చెడును. రోగి తేఱుకొన్నాడని తలచి ఇంట నుంచుకొన్నవారు మోసపోవుదురు. మిగిలిన గొడుగు ముక్కనో కూరనో వెంటగొని తక్షణమే పెద్దాసుపత్రికి పోవలయును.

తినగోరువారు గట్లపై ఏరుట మాని, విత్తనము కొని వరిగడ్డిపై ముత్యపుచిప్ప పుట్టగొడుగునో పాల పుట్టగొడుగునో తామే పెంచుకొనుట మేలు. కోసిన దినముననే వండవలయును; పచ్చిగా తినరాదు.