'ఓకే' అంటే సరేనా, విన్నామనా?

సరే, బాగుంది, అలాగే... అన్నిటికీ ఇప్పుడు పల్లెల్లోనూ ఒకటే మాట 'ఓకే'. దీని పుట్టుక ఓ తమాషా. 'అంతా సరి' అనే ఇంగ్లీషు మాటలను కావాలనే తప్పుగా రాసి, వాటి మొదటి అక్షరాలను అమెరికాలోని బోస్టన్ పత్రిక ఒకటి 1839 మార్చి 23న అచ్చువేసింది. 1840 అధ్యక్ష ఎన్నికల్లో వాన్ బ్యూరెన్ అనుచరులు ఆయన ముద్దుపేరు 'ఓల్డ్ కిండర్‌హుక్'కు గుర్తుగా ఈ అక్షరాలనే ఊరూరా వాడారు. ఆయన ఓడారు గాని మాట నిలిచిపోయింది.

చిక్కల్లా ఆఫీసుల్లోనే. అర్జీ అందుకుని గుమాస్తా 'ఓకే' అంటే పని అయిందనుకుంటాడు రైతు. గుమాస్తా ఉద్దేశం కాగితం ముట్టిందని మాత్రమే. పాసు పుస్తకంలో పేరు సవరణకు వెళ్ళిన ఈ విలేకరి కూడా ఆ మాట నమ్మి మూడు నెలలు ఊరుకున్నాడు. తీరా వెళ్తే అర్జీ కట్ట అడుగునే ఉంది. మళ్ళీ 'ఓకే' అన్నారు. ఈసారి మాత్రం 'ఏది ఓకే అండీ, కాగితమా, పనా?' అని అడిగి, రసీదు రాయించుకునే బయటికొచ్చాడు.