మీ ఫోన్‌లో ఆ యాప్ ఉంది సరే.. ఆ కంపెనీ షేరు కొనొచ్చా?

గజపతినగరం: సీరియల్ చూడాలంటే ఇప్పుడు ఇంటికి చేరేదాకా ఆగక్కర్లేదు. విజయనగరం-సాలూరు రోడ్డు మీద బస్సులో కూర్చునే చూసేయొచ్చు. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక టీవీ కాస్తా ఫోన్‌లోకి వచ్చేసింది. అదే ఫోన్‌లో డీమ్యాట్ ఖాతా కూడా తెరవొచ్చు. దాంతో కొత్తగా షేర్లు కొనేవాళ్లకు ఒక ఆలోచన రావడం సహజం. అందరూ చూసే యాప్ కదా, ఆ కంపెనీలో డబ్బు పెడితే పెరగదా? పెరగొచ్చు. కానీ చూసేవాళ్లు పెరగడం వేరు, లాభం పెరగడం వేరు.

ఏ షేరు దొరుకుతుంది?

మనం రోజూ చూసే కంపెనీలన్నీ స్టాక్ మార్కెట్‌లో ఉండవు.

- జెమిని టీవీ, సన్ నెక్స్ట్: సన్ టీవీ నెట్‌వర్క్‌వి. 2006 నుంచి మార్కెట్‌లో ఉంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు కూడా దీనిదే.
- జీ తెలుగు, జీ5: జీ ఎంటర్‌టైన్‌మెంట్‌వి. ఇదీ లిస్టెడ్ కంపెనీయే.
- స్టార్ మా, జియోహాట్‌స్టార్: జియోస్టార్‌వి. 2024 నవంబరులో ఏర్పడిన ఈ సంస్థలో రిలయన్స్ గ్రూప్‌కు 63.16 శాతం, డిస్నీకి 36.84 శాతం వాటా ఉంది. జియోస్టార్ షేరు నేరుగా దొరకదు. రిలయన్స్ షేరు కొంటే చమురు, టెలికం, రిటైల్ కూడా కలిపి కొన్నట్టే.
- ఆహా: అర్హా మీడియాది. మార్కెట్‌లో లేదు.
- ఈటీవీ: ఇదీ లిస్ట్ కాలేదు. ఇందులో 24.5 శాతం వాటా మాత్రం మార్కెట్‌లో ఉన్న నెట్‌వర్క్18 గ్రూప్‌కు ఉంది.

'డిజిటల్ 40 శాతం పెరిగింది' అంటే?

ఫిక్కీ-ఈవై నివేదిక ప్రకారం 2024లో మన దేశంలో డిజిటల్ మీడియా తొలిసారి టీవీని దాటింది. మీడియా, వినోద రంగం మొత్తం ఆదాయంలో 32 శాతం దానిదే. వినడానికి బాగానే ఉంది. కానీ డిజిటల్ ప్రకటనల డబ్బులో పెద్ద వాటా గూగుల్, మెటాలకే పోతోంది. మన టీవీ, పేపర్ కంపెనీలు మిగిలినదాని కోసం పోటీ పడాలి.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. ఒక కంపెనీకి టీవీ నుంచి 900 కోట్లు, యాప్ నుంచి 100 కోట్లు వస్తున్నాయి. మరుసటి ఏడాది యాప్ ఆదాయం 140 కోట్లయింది, అంటే 40 శాతం పెరిగింది. అదే ఏడాది టీవీ ఆదాయం 850 కోట్లకు పడిపోయింది. మొత్తం 1,000 కోట్లు కాస్తా 990 కోట్లయింది. పైగా యాప్ నడపడానికి 200 కోట్లు ఖర్చయితే, అక్కడే 60 కోట్ల నష్టం. ప్రకటనలో మాత్రం '40 శాతం వృద్ధి' అనే ఉంటుంది. అది అబద్ధం కాదు, కానీ సగం నిజమే.

లాభం రావడానికి ఏళ్లు పడుతుంది

ఇది చిన్న కంపెనీల కష్టం మాత్రమే కాదు. డిస్నీ 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలుపెడితే, ఆ సంస్థ స్ట్రీమింగ్ వ్యాపారం మొత్తంగా లాభం చూసింది 2024లోనే. మన దగ్గర జీ5 2018లో వచ్చింది. దాని మీద జీ ఏటా వందల కోట్ల నష్టం భరించింది. ఖర్చులు తగ్గించాక 2024-25లో ఆ నష్టం బాగా తగ్గింది.

ఒక్క వార్తతో షేరు కుదేలైన సందర్భమూ ఉంది. జీ-సోనీ విలీన ఒప్పందం 2021 డిసెంబరులో కుదిరింది. 2024 జనవరి 22న సోనీ దాన్ని రద్దు చేసుకుంది. మర్నాడు జీ షేరు ఒక్కరోజులోనే సుమారు 30 శాతం పడింది. అంతకుముందు రోజు లక్ష రూపాయల విలువున్న షేర్లు సాయంత్రానికి 70 వేలకు వచ్చాయన్నమాట. ఆ రోజు యాప్ చూసేవాళ్లేం తగ్గలేదు.

కొనేముందు ఈ నాలుగూ చూడండి

1. మొత్తం ఆదాయంలో డిజిటల్ వాటా ఎంత? టీవీ, ప్రింట్ తగ్గుదలను అది పూడ్చుతోందా?
2. డిజిటల్ విభాగం లాభమా, నష్టమా? నష్టమైతే ఏటా తగ్గుతోందా, పెరుగుతోందా?
3. డబ్బు చందాల నుంచి వస్తోందా, ప్రకటనల నుంచా? ఐపీఎల్ లాంటి సీజన్ మీదే ఆధారపడి ఉందా?
4. కంపెనీకి అప్పు ఎంత? చేతిలో నగదు ఎంత?

లిస్టెడ్ కంపెనీలు మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటించాల్సిందే. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో అవి ఉచితంగా దొరుకుతాయి. డిజిటల్ లెక్క విడిగా చూపించని కంపెనీ అయితే, అదీ ఒక సమాచారమే.

ఆ మెసేజ్‌లతో జాగ్రత్త

'ఫలానా ఓటీటీ త్వరలో ఐపీఓకి వస్తోంది, ముందే షేర్లు ఇప్పిస్తాం' అంటూ వాట్సాప్, టెలిగ్రామ్‌లలో మెసేజ్‌లు వస్తే వెంటనే డబ్బు పంపొద్దు. అగ్రిగోల్డ్ దెబ్బ తిన్న కుటుంబాలు ఉత్తరాంధ్రలోనూ ఉన్నాయి. పేరు తెలిసినంత మాత్రాన డబ్బుకు భద్రత ఉన్నట్టు కాదు. సలహా ఇచ్చే వ్యక్తికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఇప్పటికే మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ షేరునూ కొనమని గానీ అమ్మమని గానీ చెప్పడం లేదు. పెట్టుబడికి ముందు సెబీ గుర్తింపు ఉన్న సలహాదారును సంప్రదించండి.