ఇంట్లోనే సైకిలు సవారీ

"రోజూ అరగంట నడవండమ్మా" అని డాక్టరుగారు ఒక్క ముక్కలో చెప్పేస్తారు. నడవాలని మనకీ ఉంటుంది. కానీ పొద్దున్నే లేచి పాలు కాచి, కాఫీలిచ్చి, టిఫిన్ డబ్బాలు సర్దేసరికి ఎండెక్కుతుంది. సాయంత్రం కాస్త తీరిక దొరికేసరికి చీకటి, వీధి నిండా కుక్కలు. పైగా ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే ఇక గడప దాటడమే గగనం.

నా పరిస్థితి అచ్చం అదే. మా అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న ఏడాదే నాకు షుగరు బయటపడింది. ఆవిడని ఒంటరిగా వదిలి వెళ్లలేను, ఒళ్లు కదల్చకపోతే షుగరు దిగదు. అప్పుడు మా అమ్మాయి, బాల్కనీలో దుమ్ము కొట్టుకుపోతున్న తన సైకిలు చూపించి "టర్బో ట్రైనర్ కొందామమ్మా" అంది. ఆ పేరు విని కొత్తరకం మిక్సీ ఏమో అనుకున్నాను!

చూస్తే అదొక ఇనుప స్టాండు, అంతే. సైకిలు వెనక చక్రం ఇరుసును రెండువైపులా గట్టిగా పట్టి, చక్రాన్ని నేలకి తాకకుండా నిలబెడుతుంది. టైరుకి ఆనుకుని వెనక ఒక రోలరు ఉంటుంది. మనం తొక్కితే చక్రం, దాంతోపాటు రోలరు తిరుగుతాయి. ఊరికే తిరిగితే ఒంటికి పని ఏముంది? అందుకని రోలరుకి ఒక బరువు పెడతారు. కొన్నిటికి గాలి రెక్కలుంటాయి. అవి బాగా రొద చేస్తాయి. కొన్నిటికి అయస్కాంతాలు, కొన్నిటికి నూనె నింపిన డబ్బా. నూనెది చప్పుడు తక్కువ, ఎంత వేగంగా తొక్కితే అంత బరువవుతుంది. ఇలాంటి మామూలు రకాలకు కరెంటుతో పనిలేదు. 2014లో జ్విఫ్ట్ లాంటివి వచ్చాక తెర మీద బొమ్మల రోడ్లు చూస్తూ తొక్కే ఖరీదైన రకాలకీ గిరాకీ పెరిగింది. మనకవి అక్కర్లేదనే నా ఉద్దేశం.

కొనేముందు ఒక సంగతి. మన మామూలు లేడీస్ సైకిలుకి వెనక ఇరుసు దగ్గర నట్లు, స్టాండు ఉంటాయి. అవి అడ్డొచ్చి ట్రైనర్‌లో బిగియకపోవచ్చు. చక్రం సైజు కూడా సరిపోవాలి. అందుకే సైకిలుని షాపుకే తీసుకెళ్లి బిగించి చూపించమనండి. టైరు గాట్లు లేని నున్నటిదైతే మోత తగ్గుతుంది. రోలరు రాపిడికి టైరు అరిగి నల్లటి పొడి రాలుతుంది కాబట్టి కింద పాత రబ్బరు చాప పరవండి. కింది వాటావాళ్లకి చప్పుడు బాధా తగ్గుతుంది. వెనకవైపు ఎత్తు పెరుగుతుంది గనక ముందు చక్రం కింద చెక్కముక్క పెట్టాలి. లేదంటే బరువంతా చేతుల మీదే పడి మణికట్లు లాగుతాయి. ఇంట్లో అసలు సైకిలే లేదా? అయితే దీని జోలికి పోకుండా వ్యాయామ సైకిలే కొనుక్కోండి, సుఖం.

మొదటి వారం నాకు మోకాలి ముందు ఒకటే నొప్పి. సైకిలు దండగేమో అనుకున్నాను. తప్పు సీటుది. కాళ్లు నేలకందాలని భయపడి బాగా కిందికి దించుకున్నాను. స్టాండు మీద ఉన్న సైకిలు పడిపోదు కదా! పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపినట్టుండాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. అదీ సరైన ఎత్తు.

చీర, చున్నీ పనికిరావు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో చిన్నపిల్లలుంటే తలుపు గడియ వేసుకుని తొక్కండి. సైకిలు కదలడం లేదు కదా అని దగ్గరకొస్తారు, కానీ వెనక చక్రం రివ్వున తిరుగుతుంటుంది. ఊచల్లో వేలు పెట్టారా, అంతే సంగతులు.

రోడ్డు మీద తొక్కితే గాలి తగిలి చెమట ఆరుతుంది. ఇక్కడ గాలేది? ఎదురుగా ఫ్యాను, పక్కన మంచినీళ్లు, హ్యాండిల్ మీద తువ్వాలు ఉండాలి. చెమటలో ఉప్పు కారితే బోల్టులు తుప్పు పడతాయి.

వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంతా ఒకేసారి చేయనక్కర్లేదు. నేను పప్పు కుక్కరెక్కించి, హాల్లో విజిళ్లు లెక్కపెట్టుకుంటూ పది నిమిషాలు తొక్కుతాను. మధ్యాహ్నం భోజనమైన కాసేపటికి ఇంకో పది. మొదట్లో నెమ్మదిగా, తర్వాత మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంగా, చివర మళ్లీ నెమ్మదిగా. అరగంట తొక్కితే కరిగేది సుమారు 200 కేలరీలు. నాలుగు టీస్పూన్ల నెయ్యికి కాస్త ఎక్కువ! కాబట్టి తొక్కానుకదా అని మైసూరుపాకు ముట్టుకోకండి.

కండరాలు పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరని లాక్కుంటాయి. మాకు మేలు చేసేది అదే. ఇన్సులిన్, కొన్నిరకాల మాత్రలు వాడేవాళ్లకి మాత్రం చక్కెర మరీ పడిపోవచ్చు. చిక్కేమిటంటే, అప్పుడు పట్టే చెమటని సైకిలు చెమటే అనుకుంటాం. చేతులు వణికినా, కళ్లు తిరిగినా, ఆకలి దహించినా వెంటనే ఆపి, మూడు నాలుగు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. గుండెలో నొప్పి, కంటి నరాల జబ్బు, పాదాల్లో పుండు ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా ఎక్కకండి.

ఇంకోమాట. సైకిలు మీద ఒంటి బరువు సీటు మోస్తుంది. గుండెకి, కాళ్లకి మంచిదే గానీ ఎముకలు గట్టిపడటానికి పెద్దగా ఉపయోగం లేదు. నెలసరి ఆగిన మనలాంటివాళ్లకి అసలు భయం ఎముకలతోనే. అత్తగారి తుంటి చూశాక నేను మేడమెట్లు ఎక్కిదిగడం కూడా మొదలెట్టాను.

మూడు నెలలకి రక్తపరీక్షలో షుగరు కాస్త దిగింది. మందు ఆపమనలేదు లెండి, పెంచుతానన్న డోసు పెంచలేదు.

మా సైకిలు మీటరు ముందు చక్రానికుంది. అది తిరగదు గనక ఎంత తొక్కినా సున్నాయే. అత్తగారు మాత్రం మంచం మీంచి రోజూ అడుగుతారు, "ఎందాకా వెళ్లొచ్చావే ఇవాళ?" అని.

"అన్నవరం దాటానత్తయ్యా."

"మరి ప్రసాదం ఏదీ?"