రొట్టె విరుచుటకు ముందు



దేవునితో సహవాసము అనగానే మనకు ప్రార్థన, వాక్యధ్యానము, ఉపవాస కూటములు గుర్తుకు వచ్చును. ఆదిమ క్రైస్తవులకు వీటితోపాటు పొరుగువాని సొమ్ము, ఇచ్చిన మాట, ఇంటి పనివాడు కూడ గుర్తుకు వచ్చేవారు.

ఇందుకు సాక్ష్యము ఒక అన్యుని వ్రాతలోనే ఉన్నది. సుమారు క్రీ.శ. 112లో బితూనియను ఏలుచున్న ప్లినీ అను రోమా అధిపతి, ఈ క్రైస్తవులను ఏమి చేయవలెనని ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరము వ్రాసెను. విచారణలో తేలినదేమనగా, వారు ఒక నియమిత దినమున తెల్లవారకముందే కూడుకొని, క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తన పాడుదురు. దొంగతనము, దోపిడి, వ్యభిచారము చేయమనియు, మాట తప్పమనియు, దాచమని ఇచ్చిన సొమ్మును అడిగినప్పుడు లేదనమనియు ప్రమాణము చేసికొందురు.

ఈ చివరి మాట యొద్ద కొంచెము ఆగుదము. కూతురి పెళ్లికని కూడబెట్టిన నాలుగు కాసుల బంగారమును పొరుగింట దాచుకొన్న తల్లులు మన పల్లెలలోనూ ఉన్నారు. పత్రము లేదు, సాక్షి లేడు. అటువంటి సొమ్ము విషయమై దేవుని యెదుట మాట ఇచ్చుట ఎంత పెద్ద సంగతో వారికి ఎవరూ వివరింపనక్కరలేదు.

సహవాసమునకు గ్రీకు మాట ‘కోయినోనియా’. యోహాను మొదటి పత్రికలో తండ్రితో మనకున్న సహవాసమునకు ఈ మాటే వాడబడినది. రోమా పత్రిక 15వ అధ్యాయములో యెరూషలేము బీదలకొరకు పోగుచేసిన చందాకును ఇదే మాట! మనము ఆ రెంటిని రెండు పుస్తకములలో వ్రాసికొనుచున్నాము.

‘దిదాఖే’, అనగా ‘బోధ’, అను చిన్న పుస్తకము కూడ ఉన్నది. ఇది బైబిలులో చేరినది కాదు గాని చాల ప్రాచీనమైనది. ఎన్నో శతాబ్దములు మరుగున పడియుండగా 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఫిలోథియోస్ బ్రయెన్నియోస్ అను గ్రీకు మతాధికారి కంటపడి, 1883లో అచ్చయ్యెను. అందులో బాప్తిస్మము సంగతి రాకముందే జీవమార్గము, మరణమార్గము అను బోధ ఉన్నది. ఇచ్చునప్పుడు సణుగవద్దనియు, నీ దేవునినే నమ్ముకొన్న దాసునికి దాసికి కోపముతో ఆజ్ఞాపింపవద్దనియు చెప్పుచున్నది. ఆ కోపమువలన వారు దేవునికి భయపడుట మానుదురేమోనని ఆ పుస్తకపు భయము. ప్లినీ చిత్రహింస పెట్టించిన ఇద్దరు దాసీలను అక్కడి సంఘము పరిచారకురాండ్రని పిలుచుచుండెనను సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను.

(ఊరూరు తిరుగు అపొస్తలుడు మూడు దినములు తిష్ఠవేసినను, డబ్బడిగినను అబద్ధ ప్రవక్తయేనని కూడ అందులో ఉన్నది. మా బోధకులము దీనిని తరచుగా చదువుకొనుట మంచిది.)

ప్రభువు దినమున రొట్టె విరుచుటకు ముందు పాపములు ఒప్పుకొనవలెను; పొరుగువానితో తగాదా ఉన్నవాడు సమాధానపడువరకు కూడికలో కలియరాదు. ఇదియు దిదాఖే నియమమే. మన సంఘములలో పొలము గట్టు కొరకు పదేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు ఒకే వరుసలో మోకరించి బల్ల పుచ్చుకొనుచున్నారు. వారిని ఆపుట కాపరికి కష్టము. ఇద్దరూ చందా బాగుగా ఇచ్చువారైతే మరీ కష్టము. అయితే దిదాఖే ఈ భారమును కాపరిమీద మాత్రమే వేయలేదు. ఆ మాటలు సంఘమంతటికి చెప్పినవి. పెద్దలు, బంధువులు, వారి భార్యలు కూడ అందులో ఉన్నారు.

కొన్ని సంఘములలో బల్ల ఆరాధనకు ముందు శనివారము సాయంకాలము సిద్ధపాటు కూటము జరుగును. గట్టు సంగతి ఎత్తుటకు అదే అనువైన వేళ. పొలమునుండి వచ్చిన ఇద్దరూ అక్కడే ఉందురు, కొలతలు తెలిసిన పెద్దలును ఉందురు.