అలారం మోగలేదంటే అంతా బాగున్నట్టేనా?

వెబ్‌సైట్ ఆగిపోయిందని యజమానికి మొదట చెప్పేది చాలాసార్లు కస్టమరే. 'మీ సైట్ ఓపెన్ కావట్లేదండీ' అని ఫోన్ వచ్చేసరికి అది ఎప్పటినుంచి ఆగిపోయి ఉందో ఎవరికీ తెలియదు. ఆ ఫోన్ రాకముందే కబురు అందించడానికి వెబ్ మానిటరింగ్ టూల్స్ వచ్చాయి. నిమిషానికో, అయిదు నిమిషాలకో ఒకసారి ఇవి సైట్‌ను పలకరిస్తాయి. బదులు రాకపోతే ఈమెయిల్‌కో, టెలిగ్రామ్‌కో అలర్ట్ పంపుతాయి. ఇలాంటివాటిని సొంతంగా తయారుచేసి ఉచితంగా ఇస్తున్న డెవలపర్లకు కొదవ లేదు. వాళ్లలో చాలామంది తడబడేది కోడ్ దగ్గర కాదు, తొలి యూజర్ల మాట వినే దగ్గర.

అపోహ: హంగులన్నీ కుదిరాకే నలుగురికీ చూపించాలి.

లూయిస్ లామ్ అనే డెవలపర్ 2021లో 'అప్‌టైమ్ కుమా' అనే మానిటరింగ్ టూల్‌ను గిట్‌హబ్‌లో పెట్టారు. దాన్ని ఎందుకు చేశారో అక్కడే రాసుకున్నారు. 'అప్‌టైమ్ రోబోట్'లా పనిచేస్తూ సొంత సర్వర్ మీద నడుపుకోగలిగే టూల్ ఆయనకు సరైనది దొరకలేదు. పనిలో పనిగా వ్యూ 3 నేర్చుకోవాలని, డాకర్ హబ్‌లో తన మొదటి ఇమేజ్ పెట్టాలని కూడా ఉంది. అలా నేర్చుకుంటూ కట్టిన టూల్‌కు తర్వాత పదుల సంఖ్యలో నోటిఫికేషన్ సర్వీసులు, పదుల సంఖ్యలో భాషలు వచ్చి చేరాయి. వాటిలో చాలావరకు వాడినవాళ్లు పంపిన కోడ్, వాళ్లు చేసిన అనువాదాలే. ఏ దేశంలో ఏ మెసేజింగ్ యాప్ ఎక్కువగా వాడతారో ఒక్క మనిషి గదిలో కూర్చుని ఊహించలేడు.

మొదటిరోజు కచ్చితంగా పనిచేయాల్సింది ఒక్కటే: సైట్ ఆగితే అలర్ట్ రావాలి. మిగతావి వాడేవాళ్లను చూస్తూ కట్టుకోవచ్చు.

అపోహ: ఎంతమంది వస్తే అంత మంచిది.

గూగుల్ 2005 నవంబరులో తన అనలిటిక్స్‌ను ఉచితం చేసింది. జనం పోటెత్తడంతో కొద్ది రోజులకే కొత్త ఖాతాలు ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి ఆహ్వానం అందినవారినే చేర్చుకుంటూ పోయింది. అంతటి సంస్థకే ఊపిరి సలపనప్పుడు, ఒక్కరో ఇద్దరో నడిపే టూల్ మొదటి వారమే వేలమందిని కోరుకోవడం ప్రమాదకరమే.

అయితే ఎంతమంది చాలు? యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో 'అయిదుగురు' అన్నారు. అయిదుగురితో పరీక్షిస్తే వాడకంలోని చిక్కుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయన్నది ఆయన లెక్క. ఈ మాట చాలామంది చెప్తారు. మరుసటి ఏడాదే జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ చేసిన అధ్యయనాన్ని మాత్రం మర్చిపోతారు. వెబ్‌సైట్ల మీద వాళ్లు చేసిన పరీక్షల్లో మొదటి అయిదుగురికి తేలినవి 35 శాతమే. నీల్సన్ కూడా అయిదుగురితో ఆపేయమనలేదు. ఒకేసారి పదిహేనుమందిని పిలిచే బదులు, దొరికినవి సరిచేసుకుంటూ అయిదుగురి చొప్పున మూడు విడతలు చేయమన్నారు.

మానిటరింగ్ టూల్ విషయంలో ఆ అయిదుగురు ఎవరన్నది ఇంకా ముఖ్యం. అందరూ ఒకే ఆఫీసువాళ్లయితే ఒకే నెట్‌వర్క్, ఒకే టైమ్‌జోన్. సమయాన్ని నిండు గంటల లెక్కన మాత్రమే జరిపే కోడ్‌కు భారత కాలమానపు అయిదున్నర గంటల తేడా మింగుడుపడదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఒక యూజర్ 'మెయింటెనెన్స్ టైమ్ అరగంట తేడాగా చూపిస్తోంది' అని రాస్తే, ఆ ఒక్క వాక్యం పొగడ్తల పేజీకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

అపోహ: ఫిర్యాదులు రావట్లేదంటే టూల్ బాగున్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఫోటోలు దిద్దే యాప్ పాడైతే వాడే మనిషికి వెంటనే తెలుస్తుంది. మానిటరింగ్ టూల్ పాడైతే ఏమీ జరగదు. అలర్ట్ రాదు, స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంటుంది. నిజంగా సైట్ ఆగినరోజు దాకా ఆ లోపం ఎవరి కంటా పడదు.

దీనికి రెండో వైపు తప్పుడు అలర్టులు. రాత్రి రెండుంబావుకు ఫోన్ మోగుతుంది: 'సైట్ డౌన్'. ఉలిక్కిపడి లేచి లాప్‌టాప్ తెరిచేలోపే ఇంకో మెసేజ్: 'సైట్ అప్'. దారిలో ఎక్కడో ఒక ప్యాకెట్ తప్పిపోయింది, సైట్‌కు మాత్రం ఏమీ కాలేదు. ఇలా రెండు మూడు రాత్రులు జరిగితే ఆ మనిషి డెవలపర్‌కు ఉత్తరం రాయడు. నోటిఫికేషన్ మ్యూట్ చేసి పడుకుంటాడు. డెవలపర్ లెక్కల్లో మాత్రం ఆయన యాక్టివ్ యూజరే! ఒక్కసారి బదులు రాకపోతే గోల చేయకుండా, మళ్లీ ప్రయత్నించాకే అలర్ట్ పంపే 'రీట్రై' సెట్టింగ్ ఇలాంటి టూల్స్‌లో ఉండేది ఇందుకే.

అందుకే 'టూల్ ఎలా ఉంది?' అని అడిగితే లాభం లేదు. ఉచితంగా ఇచ్చినదాన్ని ముఖం మీద బాగాలేదని ఎవరంటారు? 'కిందటిసారి మీ సైట్ ఆగినప్పుడు మీకు మొదట చెప్పిందెవరు? టూలా, కస్టమరా?' అని అడగాలి. 'ఆఖరుగా వచ్చిన అలర్ట్ చూసి ఏం చేశారు?' అని అడగాలి. వాళ్లే ఫోన్ తీసి ఆ అలర్ట్ చూపిస్తుంటే పక్కన ఉండగలిగితే మరీ మంచిది. అది మ్యూట్ అయిన గ్రూపులో ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: సర్వర్ పలికిందంటే సైట్ నడుస్తున్నట్టే.

సర్వర్ '200' (అంతా సరే) అని బదులిస్తూనే పేజీలో 'డేటాబేస్ ఎర్రర్' చూపించవచ్చు. ఫలానా పదం పేజీలో ఉందో లేదో చూసే కీవర్డ్ తనిఖీ అప్పుడు అక్కరకొస్తుంది. సైట్ భద్రతా సర్టిఫికెట్ గడువు మరో గండం. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలు ఆగిపోవడానికి కారణం గడువు తీరిన సర్టిఫికెట్టే. 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు 90 రోజులకే ముగిసేవి. గడువు దగ్గరపడిందని గుర్తుచేసే ఈమెయిళ్లను ఆ సంస్థ 2025 జూన్ 4 నుంచి ఆపేసింది. చిన్న దుకాణం సైట్ నడుపుకునే మనిషికి ఆ పని ఇప్పుడు ఎవరు చేసిపెడుతున్నారో తొలి యూజర్లను అడిగితే, తర్వాత ఏ ఫీచర్ కట్టాలో తేలుతుంది.

అపోహ: ఉచితంగా వాడేవాళ్ల మాటకు విలువ తక్కువ.

చవక హోస్టింగ్, నెమ్మది సర్వర్లు, పాత సెటప్‌లు ఎక్కువగా ఉండేది వాళ్ల దగ్గరే. టూల్ తడబడే పరిస్థితులన్నీ వాళ్ల సైట్లలోనే దొరుకుతాయి.

అపోహ: కాపలా కాసే టూల్‌కు ఏమీ కాదు.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఇంజినీరు ఒకరు బిల్లింగ్ సమస్య సరిచేస్తూ ఒక కమాండ్ తప్పుగా టైప్ చేశారు. అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు తొలగిపోయి ఉత్తర వర్జీనియాలోని ఎస్3 స్టోరేజి కుప్పకూలింది. సేవల పరిస్థితి చెప్పాల్సిన డ్యాష్‌బోర్డును మార్చే కన్సోల్ కూడా అదే ఎస్3 మీద ఆధారపడి ఉంది. దాంతో దాదాపు రెండు గంటలపాటు విడివిడి సేవల పరిస్థితిని అందులో మార్చలేక, కంపెనీ ట్విట్టర్‌లో కబుర్లు చెప్పాల్సి వచ్చింది. ఉచిత టూల్ నడిపేవాళ్లు కూడా తమ స్టేటస్ పేజీని, యూజర్లు ఫిర్యాదు రాసే చోటును ఆ టూల్ ఉన్న సర్వర్ మీదే పెట్టకూడదు. అది ఆగిన రోజునే యూజర్లకు చెప్పుకోవాల్సింది ఎక్కువ ఉంటుంది.