రైలు పెట్టెలో చల్లదనం: కొలిచేదెవరు, ఆపేదెవరు?



ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఒక రైల్వే పట్టణం. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ పట్టాలు వేసింది. 2003 ఏప్రిల్ నుంచి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానం. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వేసవి సెలవుల్లో వారు కోస్తా ఊళ్లకు వెళ్లడానికి ఎక్కే రైళ్లలో కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఒకటి. అది రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా ఒక్క రాత్రిలో పొడి ఎండల ప్రాంతం నుంచి ఉక్కపోసే సముద్ర తీరానికి చేరుతుంది.

ఈ రైలులోని ఏసీ పెట్టె ఒక్క ప్రయాణంలోనే రెండు రకాల వాతావరణాలను ఎదుర్కోవాలి. దాని కిటికీలు తెరుచుకోవు. ఏసీ ఆగితే లోపలివారికి గాలి ఆడే మార్గం కూడా తగ్గిపోతుంది. కాబట్టి ఇక్కడ చల్లదనం సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, భద్రతకు సంబంధించినది కూడా. ఈ చల్లదనాన్ని అదుపు చేసే పరికరాలు ఎలా మారాయో, ఎందుకు మారాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పెట్టెలోకి వచ్చే వేడి

వేడి నాలుగు దారుల్లో వస్తుంది. ఎండకు కాగిన పైకప్పు, గోడల గుండా కొంత, కిటికీ అద్దాల గుండా కొంత, ఊపిరి కోసం బయటి నుంచి తీసుకునే తాజా గాలితో కొంత, ప్రయాణికుల శరీరాల నుంచి కొంత. కదలకుండా కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని విడుదల చేస్తుంది. ఎల్‌హెచ్‌బీ రకపు త్రీ టైర్ ఏసీ పెట్టెలో 72 బెర్తులుంటాయి. అంటే నిండిన పెట్టెలో మనుషుల వేడే 7 కిలోవాట్లకు పైన ఉంటుంది.

శీతలీకరణ సామర్థ్యాన్ని టన్నుల్లో చెబుతారు. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని బయటికి పంపగల శక్తి. పైన చెప్పిన మనుషుల వేడిని తొలగించడానికే 2 టన్నులు కావాలి. పెట్టె పైకప్పులో రెండు చివర్లా అమర్చే యూనిట్లు ఒక్కొక్కటి సుమారు 7 టన్నులవి. ఇంత శక్తి ఎప్పుడూ పూర్తిగా అవసరం ఉండదు. మధ్యాహ్నం 2 గంటలకు చాలీచాలని చల్లదనం తెల్లవారుజామున 4 గంటలకు వణికిస్తుంది. అందుకే ఏసీకి బలం ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా అంతే ముఖ్యం.

పాదరసం చెప్పిన మాట

మన దేశంలో 1934లో ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెను మంచు దిమ్మెలతో చల్లబరిచేవారు. దారిలోని స్టేషన్లలో కరిగిన నీటిని వదిలి, కొత్త దిమ్మెలు నింపేవారు. అప్పుడు నియంత్రణ అంతా మనిషి చేతిలోనే ఉండేది.

తరువాత కంప్రెసర్లు వచ్చాయి. పెట్టె అడుగున బిగించిన ఆ పాత ఏసీలలో నియంత్రణకు పాదరసపు థర్మోస్టాట్ వాడేవారు. ఇది జ్వరం కొలిచే థర్మామీటరుకు దగ్గరి చుట్టం. గాజు గొట్టంలో పాదరసం వేడికి వ్యాకోచించి పైకి పాకుతుంది. గొట్టంలో ఒక నిర్ణీత ఎత్తున సన్నని తీగ ఉంటుంది. పాదరసం విద్యుత్ వాహకం కాబట్టి, ఆ తీగను తాకగానే వలయం పూర్తయి రిలే పనిచేస్తుంది, కంప్రెసర్ నడుస్తుంది. గాలి చల్లబడితే పాదరసం దిగిపోతుంది, కంప్రెసర్ ఆగుతుంది.

ఈ పద్ధతి సులభమైనది, చవకైనది. అయితే దీనికి తెలిసినవి రెండే మాటలు: "నడువు", "ఆగు". ఉష్ణోగ్రత గీత దాటిందా లేదా అనేది చెబుతుంది కాని, ఎంత దాటిందో చెప్పలేదు. వేరే ఉష్ణోగ్రత కావాలంటే వేరే గొట్టానికి మారాలి. గొట్టం పగిలితే పాదరసం విషపదార్థం. పాదరసం వాడకాన్ని తగ్గించాలని ప్రపంచ దేశాలు 2013లో మినమాటా ఒప్పందాన్ని ఆమోదించాయి కూడా.

మైక్రోప్రాసెసర్ ఏం మార్చింది?

పైకప్పు యూనిట్లతో పాటు మైక్రోప్రాసెసర్ నియంత్రణ వచ్చింది. ఏ నియంత్రణ వ్యవస్థకైనా మూడు పనులుంటాయి: కొలవడం, నిర్ణయించడం, చేయించడం. ఈ మార్పు మూడింటినీ మెరుగుపరిచింది.

మొదటిది కొలవడం. ఇందుకు ప్లాటినం తీగతో చేసిన సెన్సరు వాడతారు. దాని పేరు పీటీ-100. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని నిరోధం 100 ఓములు. ప్రతి డిగ్రీకీ సుమారు 0.39 ఓము చొప్పున పెరుగుతుంది. కాబట్టి 24 డిగ్రీల దగ్గర సుమారు 109 ఓములు ఉంటుంది. నిరోధాన్ని కొలిస్తే ఉష్ణోగ్రత అంకెల్లో తెలుస్తుంది. ఇక్కడొక జాగ్రత్త అవసరం. సెన్సరు తీగ కలిపే చోట వదులై 0.39 ఓము అదనపు నిరోధం చేరితే, కంట్రోలర్ ఉన్న వేడికంటే ఒక డిగ్రీ ఎక్కువ ఉందనుకుంటుంది. కంప్రెసర్లను అదనంగా నడిపిస్తుంది. ప్రయాణికులు దుప్పట్లు కప్పుకుని వణుకుతారు. యంత్రం చెడిపోలేదు, కొలత చెడింది!

రెండోది నిర్ణయించడం. ఒక్కో యూనిట్‌లో రెండేసి కంప్రెసర్లు, అంటే పెట్టెకు నాలుగు ఉంటాయనుకోండి. వేడి ఎక్కువగా ఉంటే నాలుగూ, కొంత తగ్గితే రెండు, కావలసిన ఉష్ణోగ్రతకు దగ్గరపడితే ఒక్కటే నడపవచ్చు. నడపడానికీ ఆపడానికీ ఒకే గీత పెట్టకుండా మధ్యలో కొంత ఎడం ఉంచుతారు. 25 డిగ్రీలకు నడిచి 23 డిగ్రీలకు ఆగమంటే, నిమిషానికొకసారి ఆగుతూ నడుస్తూ ఉండే బాధ తప్పుతుంది.

మూడోది చేయించడం. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్ల విద్యుత్తు లాగగలదు. అందుకని కంప్రెసర్లను ఒకేసారి కాక ఒకదాని తరువాత ఒకటి మొదలుపెట్టాలి. ఆగిన కంప్రెసర్‌ను వెంటనే మళ్లీ నడపకూడదు. లోపలి పీడనాలు సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. ఈ కాలనియమాలను కంట్రోలర్ మరచిపోకుండా పాటిస్తుంది. ఏ లోపం ఎప్పుడు వచ్చిందో కూడా నమోదు చేస్తుంది. రాత్రి దారిలో వచ్చి పోయిన లోపం తెల్లవారి డిపోలో మెకానిక్‌కు తెలుస్తుంది.

రెండు ఊళ్ల గాలి

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. మే నెలలో బిలాస్‌పూర్‌లో ఒక మధ్యాహ్నం 44 డిగ్రీలు, తేమ 15 శాతం. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 70 శాతం. పెట్టెలోకి తీసుకునే తాజా గాలిలో ఏది ఏసీకి ఎక్కువ భారం?

బిలాస్‌పూర్ అని తొందరపడకండి. లెక్క చూద్దాం. లోపల 24 డిగ్రీలు ఉండాలి. గాలిని కిలోకు ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు 1 కిలోజౌలు తీసివేయాలి. బిలాస్‌పూర్ గాలికి 20 కిలోజౌళ్లు. అందులోని నీటి ఆవిరి కిలోకు 9 గ్రాముల లోపే కాబట్టి, తేమ తీయనక్కర లేదు. విశాఖ గాలికి ఉష్ణోగ్రత తగ్గించడానికి 10 కిలోజౌళ్లే చాలు. అయితే ఆ గాలిలో కిలోకు సుమారు 24 గ్రాముల ఆవిరి ఉంటుంది. హాయిగా ఉండాలంటే దాన్ని 10 గ్రాములకు తేవాలి. 14 గ్రాముల ఆవిరి నీరుగా మారేటప్పుడు గ్రాముకు సుమారు 2.4 కిలోజౌళ్ల చొప్పున 34 కిలోజౌళ్ల గుప్తోష్ణం విడుదల చేస్తుంది. మొత్తం 44 కిలోజౌళ్లు. అంటే రెట్టింపు కంటే ఎక్కువ! పైకప్పు, గోడల గుండా వచ్చే వేడి మాత్రం బిలాస్‌పూర్‌లోనే ఎక్కువ.

పాదరసపు గొట్టానికి ఉష్ణోగ్రత తెలుసు గాని తేమ తెలియదు. 24 డిగ్రీలు రాగానే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, చల్లని గొట్టాల మీద పేరుకున్న నీరు మళ్లీ ఆవిరై గాలిలో కలుస్తుంది. చల్లగానే ఉన్నా ఒళ్లు జిడ్డుగా అనిపించడానికి ఇది ఒక కారణం. దశలవారీ నియంత్రణలో తక్కువ కంప్రెసర్లు ఎక్కువసేపు నడుస్తాయి. తేమ నిలకడగా తగ్గుతుంది. తేమ సెన్సరును కూడా చేర్చితే నిర్ణయం ఇంకా సరిగా ఉంటుంది.

నియంత్రణకు హద్దులు

సొంతంగా విద్యుత్తు తయారుచేసుకునే పాత రకం పెట్టెల్లో చక్రాల ఇరుసుతో తిరిగే ఆల్టర్నేటర్, 110 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. బ్యాటరీ 1100 ఆంపియర్-గంటలదైతే, రెండింటినీ గుణిస్తే 121 కిలోవాట్-గంటలు. 30 కిలోవాట్ల భారంతో అది లెక్క ప్రకారం 4 గంటలు వస్తుంది. ఆచరణలో బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి ఇంకా తక్కువే. సిగ్నల్ దగ్గర రైలు చాలాసేపు ఆగిపోతే ముందుగా తగ్గించవలసింది కంప్రెసర్లను, తాజా గాలి తెచ్చే ఫ్యాన్‌ను కాదు. మూసిన పెట్టెలో మనిషి చెమటను ఓర్చుకోగలడు, ఊపిరాడకపోతే ఓర్చుకోలేడు.

ఇంకో హద్దు కూడా గుర్తుంచుకోవాలి. కంట్రోలర్ చల్లదనాన్ని పుట్టించదు. ఫిల్టరులో దుమ్ము పేరుకుంటే గాలి తగ్గుతుంది, లోపలి గొట్టాల మీద మంచు గడ్డకట్టవచ్చు. ఎంత తెలివైన కంట్రోలర్ అయినా ఫిల్టరును కడగలేదు. ఆ పని డిపోలోని మనిషిదే.

సారాంశం: పాత నియంత్రణ ఒక గీతను చూసి అవునో కాదో చెప్పేది. కొత్తది ఎంత అని అడుగుతుంది, దశలవారీగా నడుపుతుంది, జరిగినది గుర్తుంచుకుంటుంది. కొలత సరైనదైతేనే దాని నిర్ణయం సరైనదవుతుంది.

ఆలోచించండి

1. ఉష్ణోగ్రత సెన్సరును చల్లని గాలి వచ్చే రంధ్రం ఎదుట పెడితే పెట్టెలో ఏమవుతుంది?

2. పీటీ-100 సెన్సరు నిరోధం 110 ఓములైతే ఉష్ణోగ్రత సుమారు ఎంత?

3. మీ ఇంట్లోని ఫ్రిజ్ ఒక గంటలో ఎన్నిసార్లు ఆగి మళ్లీ నడుస్తుందో మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి లెక్కించండి. తేడాకు కారణం రాయండి.