కారుకు జ్వరమా, థర్మామీటరుదే తప్పా?

పిల్లవాడికి ఒళ్ళు వెచ్చగా వుంటే థర్మామీటరు పెట్టి చూస్తాం. అది నూటనాలుగు చూపించి, వాడు మాత్రం గంతులేస్తూ ఆడుకుంటూ వుంటే, విదిలించి మళ్ళీ పెడతాం. కారు విషయంలో మాత్రం ఆ రెండోసారి చూడడం మనకు అలవాటు లేదు. మెకానిక్ "సెన్సరు పోయిందండీ" అనగానే డబ్బు లెక్కపెట్టి ఇచ్చేస్తాం. మార్చాక కూడా జబ్బు తగ్గకపోతే "అయితే కంప్యూటరు పోయిందేమో" అంటాడు. అది వేలల్లో మాట. పిల్లల్ని బడికి, అత్తగారిని ఆస్పత్రికి మనమే కారులో తీసుకువెళ్తున్న రోజులివి కనుక, ఈ సంగతి కాస్త తెలుసుకుందాం.

ఇంజను వేడిని చల్లార్చడానికి దాని లోపల కూలెంటు అనే రంగునీళ్ళు తిరుగుతూ వుంటాయి. ఆ నీళ్ళలో కొస మునిగేలా బొటనవేలంత సాధనం ఒకటి బిగిస్తారు. అదే ఉష్ణోగ్రత సెన్సరు. దాని గుణం ఏమిటంటే, చల్లగా వున్నప్పుడు కరెంటును గట్టిగా అడ్డుకుంటుంది, వేడెక్కిన కొద్దీ దారి వదులుతుంది. చలికాలంలో పేరిన నెయ్యి గిన్నె వంచినా కదలదు, పొయ్యి సెగ తగిలితే ధారగా జారుతుంది చూడండి, అలాగన్న మాట. ఆ అడ్డును ఓముల్లో కొలుస్తారు. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర అది రెండు మూడు వేల ఓములు. 90 డిగ్రీలకు వచ్చేసరికి రెండు మూడు వందలకు దిగిపోతుంది. కంప్యూటరు 5 వోల్టులు పంపి, సెన్సరు దగ్గర ఎన్ని నిలిచాయో చూసి, వేడి ఇంత అని లెక్క కడుతుంది.

ఆ లెక్కతో దానికేం పని అంటారా? పాత అంబాసిడర్లలో, పద్మినుల్లో చలి ఉదయాన చోక్ గుండీ లాగి ఇంజనుకు పెట్రోలు పాలు పెంచేవారు. ఇప్పుడా పని కంప్యూటరే చేస్తోంది. రేడియేటరు ఫాను ఎప్పుడు తిరగాలో తేల్చేదీ అదే. అంచేత తప్పు కబురు వస్తే రెండు పనులూ చెడతాయి.

తీగె తెగిపోతే కంప్యూటరుకు మైనస్ 40 డిగ్రీల చలి కనబడుతుంది. విజయవాడ ఎండలో మైనస్ 40! తీగెలు రెండూ ఒరుసుకుని కలిసిపోతే అంకె అటు పైకొసకు, నూటముప్పై పైకి పోతుంది. ఇలాంటి అసంభవపు అంకెల్ని కంప్యూటరు పసిగట్టి చెక్ ఇంజన్ దీపం వెలిగిస్తుంది. ఎందుకైనా మంచిదని చాలా కార్లలో ఫానును ఆపకుండా తిప్పుతుంది. పి 0118 అనే కోడు మొదటిదానికి గుర్తు, పి 0117 రెండోదానికి. అసలు చిక్కు సెన్సరు కొద్దికొద్దిగా అబద్ధమాడినప్పుడే. ఇంజను బాగా వేడెక్కినా "ఇంకా నలభయ్యే" అంటూ వుంటే దీపం వెలగకపోవచ్చు. పెట్రోలు మాత్రం ఎక్కువగా పడుతూనే వుంటుంది. మైలేజి తగ్గడం, వెనక నల్లపొగ, పెట్రోలు వాసన అప్పటివే.

పరీక్షల జోలికి పోయేముందు ఒక్క మాట. ఎర్రదీపం వెలిగినా, ముల్లు ఎరుపులోకి పోయినా, ఆ క్షణానికి అది నిజమనే నమ్మాలి. "సెన్సరు కంప్లయింటేలెండి, నడిపెయ్యండి" అని ఫోనులో ఎవరు చెప్పినా వినవద్దు. పక్కకు తీసి ఇంజను కట్టెయ్యండి. నిజంగా మరిగిన ఇంజనును నడిపితే అల్యూమినియం హెడ్డు వంకరపోతుంది, గాస్కెట్టు పోతుంది. ఆ ఖర్చు ముందు సెన్సరు ఖర్చు ఏపాటిది! వేడిమీద రేడియేటరు మూత తియ్యకూడదు. ప్రెషర్ కుక్కరు మూత ఎందుకు తియ్యమో అందుకే. బాగా చల్లారాక కూలెంటు మట్టం గీతల మధ్య వుందేమో చూడాలి. నీళ్ళు తగ్గిపోతే సెన్సరు గాలిలో వుండిపోతుంది. అప్పుడు ఇంజను మరుగుతున్నా అది తక్కువ వేడి చూపించవచ్చు. పాపం, దాని దోషం ఏమీ లేదు.

మట్టం సరిగ్గానే వుంది, అయినా అనుమానం తీరలేదనుకోండి. స్టీరింగు కింద, మోకాళ్ళ దగ్గర ఒక సాకెట్టు వుంటుంది. దానికి తగిలించే చిన్న స్కానరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అంకెలు ఫోనులో కనిపిస్తాయి. రాత్రంతా కదలని కారులో తెల్లవారాక, ఇంజను వెయ్యకుండా తాళం మాత్రం తిప్పి, కూలెంటు వేడి ఎంతో, ఇంజను పీల్చే గాలి వేడి ఎంతో చూడండి. రాత్రంతా ఒకేచోట చల్లారాయి కనుక రెండూ ఇంచుమించు ఒకటే వుండాలి. గాలి 27, కూలెంటు 5 అంటే హైదరాబాదులో ఎవరు నమ్ముతారు? నాకీ పరీక్ష మీద మక్కువ ఎక్కువ. చేతికి మసైనా అంటదు. ఆపైన ఇంజను వేస్తే అంకె గెంతులు వెయ్యకుండా నెమ్మదిగా ఎక్కి, తొంభై ప్రాంతంలో నిలవాలి. అరగంట నడిపినా అరవై దాటకపోతే వెంటనే సెన్సరును తిట్టకండి. నీళ్ళను ఆపి వదిలే థర్మోస్టాటు తెరుచుకుని ఇరుక్కుపోయినా అలాగే వుంటుంది.

తర్వాతిది మెకానిక్ చేతిపని, మీరు పక్కన నిలబడి చేయించాలి. సెన్సరు ప్లగ్గు లాగేస్తే అంకె మైనస్ 40కి పడిపోవాలి. ఆ ప్లగ్గులోని రెండు తీగెల్నీ చిన్న వైరుముక్కతో కలిపితే పైకొసకు ఎగరాలి. రెండూ జరిగాయా, తీగెలూ కంప్యూటరూ క్షేమం, సెన్సరు కొనవచ్చు. అంకె కదలకపోతే మాత్రం కొత్త సెన్సరు దండుగ. ముందు ప్లగ్గులో చూడమనండి, ఇత్తడి చెంబుకు పట్టినట్టు పచ్చగా చిలుము పట్టి వుంటుంది ఒక్కోసారి. ఆ తర్వాత తీగె పొడుగునా వెదకాలి. మా వీధిలో ఒకావిడ రెండు సెన్సర్లు మార్పించారు. చివరికి చూస్తే వినాయకుడి వాహనం కొరికిన తీగె! కంప్యూటరు వంతు వీటన్నిటి తర్వాతే.

సెన్సరు విప్పేటప్పుడు కూలెంటు కొంత కారుతుంది. అది తియ్యగా వుండే విషం, పిల్లలూ కుక్కలూ నాకే ప్రమాదం వుంది కనుక నేల వెంటనే కడిగించండి. తగ్గినంత కూలెంటు పోయించి, లోపల చేరిన గాలి బుడగలు పోగొట్టమనండి. కోడు తుడిపించి, పాత సెన్సరు అడిగి తీసుకోండి. మర్నాడు ఉదయం, ఇంజను వెయ్యకముందే, ఆ రెండు అంకెలూ మళ్ళీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.